పద్నాలుగో కర్ర

పొగమంచు తొలగాలి, అది తొలగితేగాని ఆట మొదలవదని స్టార్టరు పెద్దాయన చెప్పి అప్పుడే పావుగంట. చెప్పిన మనిషి తన చెక్కగూట్లోకి పోయి ఫ్లాస్కు మూత తిప్పుకుంటున్నాడు, ఆమెకి మాత్రం నిలబడక తప్పదు, ఎందుకంటే మొదటి టీ దగ్గర, బంతి పెట్టి ఆట మొదలుపెట్టే ఆ గట్టు దగ్గర, ఉన్నది ఒకే ఒక్క బెంచీ, ఆ బెంచీ మీద అత్తగారు కూర్చుంది, అత్తగారి పక్కన ఇంకొకరికి చోటుంది, ఆ చోట్లో కూర్చోవడంకన్నా మోకాళ్ళు అరిగేదాకా నిలబడటమే మేలు. నిజానికి ఆ చోటు ఖాళీగా కూడా లేదు. తువ్వాలు చుట్టి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టారు దాన్ని అక్కడ. డ్రైవరు, మొదటి దెబ్బ కొట్టే పెద్ద కర్ర. చచ్చిన మొగుడి డ్రైవరు. ఎంత శ్రద్ధ! బతికున్న మనిషి చలికి ముక్కు కారుతూ నిలబడితే ఒక్కరూ చేతిగుడ్డ ఇవ్వరు, ఆ ఇనప తలకాయకి మాత్రం మంచు తగలకూడదు. తగలనీ. తుప్పు పట్టనీ. తుప్పు పట్టని లోహమట అది, మెంబర్ల నోట విన్న పేరేదో ఆయన ఊరంతా చెప్పుకు తిరిగేవాడు, తన ఒంట్లోనే ఆ లోహం ఉన్నట్టు.

సోమవారం మెంబర్లకి సెలవు. చలికాలంలో నాలుగు సోమవారాలు ఈ పచ్చికంతా పనివాళ్ళకి వదిలేస్తారు. గడ్డి కోసేవాళ్ళు, బ్యాగులు మోసే కేడీలు, వంటింటివాళ్ళు, గేటు దగ్గరివాళ్ళు, అందరూ మెంబర్లు పారేసిన పాత కర్రలు పట్టుకుని గోల్ఫు ఆడతారు. ఆడి ఆడి మూడు వారాల్లో అందరూ రాలిపోయారు. ఇద్దరు మిగిలారు, ఆమె, ఆమె మరిది. పద్దెనిమిది హోళ్ళు, ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వాళ్ళు గెలిచినట్టు. ప్రతి ఏడూ గెలిచినవాళ్ళకి ఒక కప్పు ఇచ్చి చప్పట్లు కొట్టేవారు. ఈసారి సెక్రటరీగారు నోటీసు అంటించాడు, గెలిచినవాళ్ళకి ప్రాక్టీసు మైదానంలో పిల్లలకి ఆట నేర్పే ఉద్యోగం. టోపీ, ఈల, చొక్కా మీద పేరు. ఓడినవాళ్ళు ఎప్పటిలాగే ఎవరి పనికి వాళ్ళు. ఆమె పని ఏమిటంటే ఆ మైదానంలోనే బంతులు ఏరడం. పదకొండేళ్ళుగా. వాళ్ళు కొడుతూనే ఉంటారు, ఆమె వంగుతూనే ఉంటుంది, పొడుగాటి గొట్టం ఒకటి ఇచ్చారు వంగకుండా ఏరమని, దాన్ని నొక్కాలన్నా వంగాల్సిందే. నోటీసు పడిన రోజు అన్నాల దగ్గర మరిది అందరి ముందూ అన్నాడు, "నేర్పేది నేనూ, ఏరేది నువ్వూ. పని మన ఇల్లు దాటి పోదులే వదినా." అందరూ నవ్వారు. వంటాయన గరిటె కింద పెట్టి మరీ నవ్వాడు. ఆమె ముద్ద మింగింది. ఆ ముద్ద ఇప్పటికీ అరగలేదు.

ఇందాక వాడు ఆ తువ్వాలు చుట్టినదాన్ని రెండు చేతుల మీదా మోసుకొచ్చాడు. "వదినా, అన్న డ్రైవరు. అమ్మ అటక మీంచి తీయించింది. ఇవాళ మొదటి దెబ్బ నువ్వు దీంతోనే కొట్టాలట." ఎంత మెత్తగా అన్నాడో. చుట్టూ ఉన్న ముప్పైమందీ ఆ అని నోరు తెరిచారు, కొందరు చప్పట్లు కొట్టారు, అత్తగారు కళ్ళు ఒత్తుకుంది. స్టార్టరు పెద్దాయన ఒక్కడే తన పని మర్చిపోలేదు. ఆమె బ్యాగు దగ్గరికొచ్చి వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టి, "ఇప్పటికే పద్నాలుగున్నాయమ్మా. దీంతో పదిహేనవుతాయి. పదిహేనో కర్ర పెట్టుకుని ఆడితే హోలుకి రెండు దెబ్బలు కలుపుతాను, ఫిరంగి పెళ్ళానివని కూడా చూడను. మంచు తొలిగేలోగా ఏదో ఒకటి నా గూట్లో పెట్టెయ్" అన్నాడు. ఫిరంగి అంటే పోయిన ఆయనే, ఆయన దెబ్బకి జనం పెట్టిన పేరు. ఏదో ఒకటి అంటే ఏదో ఎవరికి తెలియదు? ఆమె బ్యాగులో మొదటి దెబ్బకి పనికొచ్చే కర్ర ఇంకొకటుంది. అందరి కళ్ళూ దాని మీదే. "ఆ బొమ్మ తీసెయ్" అని గడ్డి మిషను వాళ్ళలో ఎవడో అన్నాడు. బొమ్మ. నీ మిషను తగలబడ.

బొమ్మే. చూడ్డానికి బొమ్మే. ఆయన డ్రైవరు తల రెండు గుప్పిళ్ళంత ఉంటుంది, దీని తల గుప్పిడికి కాస్త పెద్ద. ఆయన దాని కాడ ఆమె రొమ్ముదాకా వస్తుంది, దీని కాడ అంతకి రెండంగుళాలు తక్కువ. మొహం కూడా దీనిది కొంచెం పైకి వాలి ఉంటుంది, దెబ్బ తగలగానే బంతి ముందు లేచి తరవాత వెళుతుంది. పక్కకి తిరుగుదామని బంతికి బుద్ధి పుట్టినా అంత తిరగనివ్వదు. దూరం తక్కువ. అదొక్కటే దాని నేరం. తన సామాను పెట్టె మోసుకుని ఒకప్పుడు క్లబ్బుకి వచ్చిన అమ్మకాల మనిషి ఇలాంటి చిన్న తల కర్ర చూపించి మెంబర్లకి చెబుతుంటే విన్నది, "ఇది తప్పుల్ని క్షమించే కర్ర మేడమ్" అని. ఆమెకి ఒళ్ళు మండింది ఆ మాటకి. క్షమించడానికి ఇదెవరు? తప్పు తప్పే, తప్పు కొడితే అరిచేతులకి తెలుస్తుంది, ముంజేయిదాకా జిల్లుమంటుంది, ఆ జిల్లు ఎవరూ మాఫీ చెయ్యరు. కాకపోతే బంతి మాత్రం గోడ దాటదు. ఆమెకి కావలసింది అంతే. గోడ దాటకూడదు.

గోడ ఇప్పుడు కనపడటం లేదు. కుడివైపు, మంచు వెనకాల, రెండువందల గజాల పొడవునా ఉంది, దాని అవతల సీసాల గోదాము. ఎడమవైపు చెట్లు. మధ్యలో ఈ మొదటి హోలు దారి ముందు వెడల్పుగా బయల్దేరి, పోను పోను సన్నబడి, చెట్ల దగ్గర ఒక వంపు తిరుగుతుంది. ఆ సన్నటి చోటుని అందరూ మెడ అంటారు. ఇక్కణ్ణుంచి బంతి కొడితే మెడ దాకా ఎగరడం కనిపిస్తుంది, పడటం కనిపించదు. అందుకని పోటీ రోజుల్లో మెడ దగ్గర ఒక మనిషిని నిలబెడతారు, బంతి లోపల పడితే తెల్ల జెండా, గోడ దాటితే ఎర్ర జెండా, ఎర్రదంటే దండగ దెబ్బ కలిపి మళ్ళీ ఇక్కణ్ణుంచే కొట్టాలి. పద్నాలుగేళ్ళు ఆ మనిషి ఆమే. పద్నాలుగేళ్ళలో ఆయన బంతికి ఆమె ఒక్కసారి కూడా ఎర్ర జెండా ఎత్తలేదు.

ఎత్తనిస్తేగా. పెళ్ళైన రెండో చలికాలం, ఏప్రను జేబులో నాలుగు బంతులు పోసి ఆయనే చెప్పాడు, కూర తేవడానికి చెప్పినంత మామూలుగా. "గోడ దాటితే ఒకటి చెట్ల కింద పడెయ్యి. మరీ మధ్యలో వద్దు, అనుమానం వస్తుంది. చెట్ల కింద." బంతుల మీద ఆయన గుర్తు, అప్పట్లో ఒక నీలం చుక్క. ఇక్కడ టీ దగ్గర జనం ఆ దెబ్బ చూసి ఓహో అనేవారు, నిజమే, ఆ దెబ్బ చూడాల్సిందే, ఉరుము ఉరిమినట్టుండేది, ఆకాశంలో చుక్కంత అయిపోయేది బంతి. ఫిరంగి ఫిరంగి అని అరిచేవారు. అప్పుడు ఆమె మెడ దగ్గర ఒంటరిగా నిలబడి ఇంకో చప్పుడు వినేది. టింగ్. గోడ అవతల ఎక్కడో ఒక సీసా. ఒక్కోసారి టింగ్ తరవాత గోదాము కాపలావాడి బూతు. ఆమె జేబులో చెయ్యి పెట్టేది. తెల్ల జెండా ఎత్తేది. జనం మళ్ళీ అరిచేవారు. పది దెబ్బలు కొడితే నాలుగు లోపల, ఆరు సీసాల్లో. ఆ ఆరూ ఆమె జేబులోంచి పుట్టాయి. ఫిరంగి అన్న పేరు సగానికి పైగా ఆమె ఏప్రను జేబులోంచి పుట్టింది, ఆ ఏప్రను ఉతికింది కూడా ఆమే, దొంగముండ, అని తనని తాను అనుకుంది ఇప్పుడు, నాలుగు బంతులు పోస్తే నాలుగూ పుచ్చుకున్నావు, ఒక్కనాడు వద్దన్నావా? అనలేదు. భయం వల్ల అనలేదని చెప్పుకుంటే సరిపోతుంది, కానీ అంతా భయం కాదు, జనం అరుస్తుంటే తనకీ బావుండేది, ఆ అరుపులో తన వాటా ఉందని లోపల్లోపల బావుండేది. దానికి మాత్రం ఆమె ఎవర్నీ తిట్టలేదు. తననే.

"చలేస్తోందే అమ్మాయ్, ఇది కప్పుకో." తువ్వాళ్ళక్క. ఉతుకుల గదిలో పనిచేస్తుంది, ఇవాళ ఆమె బ్యాగు మోయడానికి వచ్చింది, మోకాళ్ళ నొప్పులతో. భుజాల మీద ఒక వేడి తువ్వాలు పడింది, ఇస్త్రీ వాసన. "ఏది పెట్టుకుంటావో త్వరగా తేల్చు. మీ అత్త నిన్ను కళ్ళతోనే నమిలేస్తోంది."

"నమలనీ అక్కా. పళ్ళు లేవుగా."

అక్క కిసుక్కుమంది. అత్తగారు ఇటు చూసింది. ఆ చూపు ఎప్పటిదో. చుక్కలరాణి నాటిది. ఒక ఏడు ఆయన గుర్తు మార్చాడు, ఒక చుక్కని రెండు చేశాడు, ఆ సంగతి ఆమెకి చెప్పాడు కూడా, కానీ ఆ ఉదయం ఏప్రను తడిసి ఉందని హడావిడిగా డబ్బాలోంచి పాత బంతులు జేబులో వేసుకుంది. టింగ్. తెల్ల జెండా. చెట్ల కింద ఒంటి చుక్క బంతి. క్లబ్బు ఆఫీసు గుమాస్తా ఆడుతున్నాడు ఆ రోజు ఆయనతో, నెమ్మదస్తుడు, వంగి చూసి, "నీది రెండు చుక్కలు కదయ్యా?" అన్నాడు. ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణం ఆమె పట్టుబడ్డాం అనుకుంది, పట్టుబడ్డాం, అందులో ఎక్కడో హమ్మయ్య అని కూడా ఉంది. ఆయన విరగబడి నవ్వాడు. "మా ఆవిడకి రెండు దాకా లెక్కపెట్టడం రాదండీ! నా బంతి తీసేసి ఎవడి పాత బంతో ఇక్కడ పెట్టింది!" గుమాస్తా కూడా నవ్వాడు. పాపం ఆయన తప్పేముంది, పెళ్ళాం తెలివితక్కువదైతే, అని ఆయనకి దెబ్బ లెక్కలోకి రాకుండా ఇంకో బంతి పెట్టుకోనిచ్చారు. ఆ రోజు గెలిచాడు. ఆ రాత్రి అన్నం దగ్గర, "రేపట్నుంచైనా కళ్ళు తెరుచుకుని చూడు" అన్నాడు, అంతే, ఇంకో మాట లేదు, పెరుగు కలుపుకున్నాడు. చుక్కలరాణి అని తొమ్మిదేళ్ళు పిలిచారు. కేడీలు, వంటింటివాళ్ళు, ఆఖరికి గోడ అవతలి కాపలావాడు. అత్తగారు ఆ పేరు వింటూ నవ్వలేదు, నవ్వితే బావుండేది. నా కొడుకు ఖర్మ, అంది.

నాలుగేళ్ళ కిందట నిద్రలోనే పోయాడు. దేనికీ జవాబు చెప్పకుండా, ఒక్క కేక కూడా వెయ్యకుండా. ఆయనకే సాధ్యం. పది రోజులు పోయాక ఒక తెల్లవారుజామున ఎవరూ లేనప్పుడు ఆమె ఆ డ్రైవరు పట్టుకుని ఇక్కడికే వచ్చింది, విరిచేద్దామని. రాయికేసి కొట్టి విరిచేద్దామని. టీ మీద ఎవరో వదిలేసిన బంతి ఉంది. కర్ర విరిచేముందు ఒక్క దెబ్బ అనుకుంది. కొట్టింది. ఛీ, ఆ దెబ్బ! చేతుల్లో ఏమీ తగలనట్టే ఉంది. బంతి తీగ లాగినట్టు నిటారుగా, మెడ మధ్యలోంచి, వంపు దాటి, లోపల పడ్డ ఆయన బంతి ఏదీ పోనంత దూరం పోయింది. ఎవరూ చూడలేదు. నోట్లో తియ్యగా ఏదో ఊరింది, నిజంగా ఊరింది, ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. విరచలేదు దాన్ని. రెండేళ్ళపాటు వదల్లేదు. ఏరడం అయ్యాక, చీకటి పడేదాకా, ఆ ఒక్క దెబ్బ మళ్ళీ వస్తుందని. వంద కొట్టింది, రెండొందలు కొట్టింది, కుడికి, కుడికి, మళ్ళీ కుడికి, అన్నీ ఆయనవే, అచ్చం ఆయన వంపే, చచ్చి కూడా తన చేతుల్లోంచి కొడుతున్నాడు అనిపించేది. మొదటి రెండేళ్ళూ పనివాళ్ళ పోటీలో ఈ టీ మీంచే రెండుసార్లు గోడ దాటించింది. అప్పుడు మెడ దగ్గర వేరే మనిషి. ఎర్ర జెండా ఠక్కున లేచింది.

రెండోసారి ఎర్ర జెండా లేచాక దాన్ని అత్తగారి అటక మీదికి తోసేసింది. ఆయన పనిచేసిన రిపేరు గదిలో సొరుగు అడుగున ఒక చిన్న తల దొరికింది, కాడ ఊడిపోయింది, ఎవరూ అడగనిది. ఆయన పక్కన కూర్చుని పట్టులు మార్చిన చేతులే, ఆమెకి రాని పనేం కాదు. కాడ పట్టు వైపు కోసింది. తల వైపు కోస్తే కర్ర మొద్దుబారిపోతుందని ఆయన ఎన్నిసార్లు అరవలేదు కనుక. పొట్టి చేశాక తల తేలికైపోయింది, సీసపు పట్టీ ఒకటి వెనకాల అంటించింది. అంటించి, కొట్టి, పీకి, మళ్ళీ అంటించింది. దూరం పోదు. పోనే పోదు. నూటఎనభై గజాలు, గాలి వెనకుంటే ఇంకో పది. అడుగులు వేసి కొలిచింది. పది బంతుల్లో తొమ్మిది ముప్పై అడుగుల వెడల్పులో పడ్డాయి, ఆ తొమ్మిదింట్లో ఒక్కటి కూడా నోట్లో తియ్యగా ఊరించలేదు. అన్నం లాంటి దెబ్బలు. దాంతోటే మూడు వారాలు ఆడి ముగ్గుర్ని ఓడించింది. ఆ ముగ్గురూ ఏమన్నారు? "అదృష్టం." "మరీ ఆడవాళ్ళ ఆట." మూడోవాడు, గేటు మనిషి, చెయ్యి కూడా కలపలేదు, "ఫిరంగి చూస్తే సిగ్గుపడును" అన్నాడు.

ఫిరంగి చూస్తే. చూడరా మరి. రా. ఇప్పుడు లేచి వచ్చి చూడు. ఈ మంచులో ఎక్కడో ఉంటే చూడు, నీ డ్రైవరు మీ అమ్మ పక్కన తువ్వాలు కప్పుకుని కూర్చుంది, నేనేమో నిలబడ్డాను. దాన్ని తీసుకుని ఒక్కసారి కొడితే? ఆ ఒక్క దెబ్బ మళ్ళీ వస్తే? ఈ ముప్పైమంది నోళ్ళూ మూతపడేలా, మరిది బంతిని దాటి యాభై గజాలు. రాదని తెలుసు. చేతులకి తెలియదు. చేతులు ఇప్పుడు కూడా, దిక్కుమాలినవి, ఆ తువ్వాలు వైపే పోతున్నాయి.

మరిది పక్కకి వచ్చి నిలబడ్డాడు. గ్లవ్వు వేలు వేలుకీ సర్దుకుంటూ, ఎదురుగా మంచులోకి చూస్తూ, పెదాలు కదలకుండా. "ఇంకా ఆలోచిస్తున్నావేంటి వదినా?"

"నీకెందుకంత తొందర?"

"నువ్వు చిన్నది తీశావంటే సెక్రటరీగారికి ఒక మాట చెప్పాల్సొస్తుంది. మెడ దగ్గర బంతులు ఎలా పుట్టేవో. అన్న బ్యాగు మోసింది నేనే కదా, నీ జేబు నేను చూడలేదనుకున్నావా? అలాంటి మనిషి పిల్లలకేం నేర్పుతుందో ఆయన్నే ఆలోచించుకోమంటా."

 అంటే తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసు. చుక్కలరాణీ అని మొదట పిలిచింది వీడే, తెలిసే పిలిచాడు. కాళ్ళ కింద నేల కదిలినట్టయింది, కదిలి, ఎందుకో, మళ్ళీ గట్టిగా కూర్చుంది. భయపడాల్సిన చోట భయం లేదు. వెతికితే అక్కడ కోపం ఒక్కటే ఉంది, చల్లగా, తీరిగ్గా.

"చెబుదాం" అంది. "పద, ఇద్దరం కలిసే చెబుదాం. ఆయన ఇంకా రాలేదుగా, ఈలోగా ఆ బెంచీ దగ్గర మొదలుపెడదాం. మీ అమ్మకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా? ఫిరంగి దెబ్బలు సీసాల గోదాములో పడేవని?"

గ్లవ్వు సర్దడం ఆగిపోయింది. "పోయినవాణ్ణి మధ్యలోకి లాగకు."

"లాగింది నువ్వు. తువ్వాల్లో చుట్టి మరీ తెచ్చావు."

 మంచు పలచబడుతోంది. ముందు చెట్ల కొసలు, తరవాత కొమ్మలు, కుడివైపు ఒక బూడిద గీత, అదే గోడ. "ఇంకో రెండు నిమిషాలు!" అని గూట్లోంచి పెద్దాయన కేక. అత్తగారు లేచింది, తువ్వాలు విప్పింది, డ్రైవరు పట్టుకుని ఆమె వైపే వస్తోంది, చిన్న చిన్న అడుగులు, జనం దారిస్తున్నారు. ఆ నల్లటి తల మెరుస్తోంది. ఎవరో నూనె పెట్టి తుడిచారు. వద్దంటే కొడుకు గుర్తుని కాలదన్నినట్టు. తీసుకుంటే గోడ. ఏది చేసినా సాయంత్రానికి కథ అల్లేస్తారు. అత్తగారివి ముసలి చేతులు, వాటి మీద మాత్రం ఆమెకి కోపం రాలేదు, రాకపోవడం ఆమెకే నచ్చలేదు. కర్ర చేతికొచ్చింది. పట్టు చల్లగా, అలవాటుగా, వేళ్ళు వాటంతటవే చుట్టుకున్నాయి. కొట్టు, అన్నాయి వేళ్ళు. ఒక్కసారి. నోరు తెరిచేదాకా ఏమంటుందో ఆమెకీ తెలియదు.

"అత్తయ్యా, ఇది నాకొద్దండి."

ముప్పైమందీ గాలి పీల్చడం వినిపించింది.

"ఫిరంగి డ్రైవరు ఫిరంగి తమ్ముడి చేతిలో ఉండాలి. పరాయింటి నుంచొచ్చినదాన్ని, నా చేతిలో ఏం శోభ? అన్న పేరు నిలబెట్టేది తమ్ముడేగా." పరాయింటి నుంచొచ్చింది అన్న మాట అత్తగారి మాటే, పంతొమ్మిదేళ్ళుగా విన్నది, ఇప్పుడు వెనక్కి ఇస్తే ఆవిడ మొహం విప్పారింది, తన సొమ్ము తనకి దొరికినట్టు.

"ఇన్నాళ్ళకి బుద్ధిగల మాటొకటి అన్నావే!" అంది అత్తగారు. "రా నాన్నా, తీసుకో. అన్నదిరా."

"అమ్మా, నాకు నాది ఉందిగా..." మరిది ఆమె వైపు చూశాడు, అత్తగారి వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు. నవ్వుదామనుకున్నాడు. పై పెదవి పళ్ళకి అతుక్కుపోయింది.

"నీ బ్యాగులోనూ పద్నాలుగే" అన్నాడు స్టార్టరు పెద్దాయన, ఎవరి పక్షమూ కాకుండా. "ఒకటి ఇలా పడెయ్."

వాడు ఇసకలోంచి లేపే కర్రకోసం చెయ్యి పెట్టాడు. తెలివైనవాడే. కానీ తువ్వాళ్ళక్క ఊరుకుంటే అక్క ఎందుకవుతుంది, "అదేంటబ్బాయ్, రెండు డ్రైవర్లు మోస్తావా? అన్నది అన్నం, నీది పక్కన పచ్చడా? నమ్మకం లేదా మీ అన్న మీద?" అంది. జనం గొల్లుమన్నారు. గడ్డి మిషనువాడు "ఫిరంగి! ఫిరంగి!" అని మొదలుపెట్టాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. తన డ్రైవరు, కాస్త కొత్తది, రెండేళ్ళుగా చేతికి అలవాటైనది, ఎప్పుడూ తిన్నగా పోయేది, పీకి పెద్దాయన చేతిలో పెట్టాడు. పెద్దాయన గూట్లో ఒక మూల నిలబెట్టాడు దాన్ని. ఆమె తన బ్యాగులో పద్నాలుగో కర్ర తొడుగు సర్దింది.  ఇది మంచి పనేం కాదు. తెలుసు. మంచి పని చేద్దామని ఇక్కడికి రాలేదు.

మంచు విడిపోయింది. మెడ దగ్గర జెండా మనిషి చీమంత కనిపిస్తున్నాడు. చీటీ తీస్తే మొదటి వంతు మరిదిది. వాడు బంతి పెట్టాడు, వెనక్కి జరిగాడు, గాలిలో రెండుసార్లు ఊపాడు, ఆ ఊపే, అదే ఇంటి ఊపు, భుజం ముందు పడిపోవడం, మోచెయ్యి పక్కటెముకల్ని వదిలేయడం. పో, అనుకుంది ఆమె. పో, గోడ అవతలికి పో. అందరూ చూస్తుండగా పో. కళ్ళు మూసుకోలేదు. ఉరుము. అచ్చం ఆయన ఉరుమే. బంతి లేచింది, కుడికి, గోడ మీదికి, గోడ మీదే ఉంది, ఆమె గోళ్ళు అరిచేతుల్లో దిగాయి, తరవాత ఏమైందో, గాలి తోసిందో, దాని తల తిరిగిందో, వంగాల్సిన బంతి వంగకుండా నిటారుగా నిలబడి, మెడ మధ్యలోంచి, వంపు దాటి పోయింది. తెల్ల జెండా.

అరిచారు. టోపీలు ఎగిరాయి. పనివాళ్ళ పోటీలో ఆ వంపు దాటిన బంతి జనం చూడటం అదే మొదలట, ఎవరో అంటున్నారు, కాదు ఫిరంగి దాటించేవాడు, అని ఇంకెవరో. అత్తగారు బెంచీ మీద కూలబడి ఏడుస్తోంది, ఆనందంతో.  నువ్వే ఇచ్చావు. చేజేతులా ఇచ్చావు. మరిది కొట్టిన చోటే, కర్ర భుజం మీద పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని, కదలకుండా నిలబడ్డాడు. వాడి మొహం చూసింది. అక్కడ ఆమెని గెలిచిన గీర లేదు, ఆమె ఉన్నట్టే గుర్తులేదు వాడికి. నోట్లో ఏదో తియ్యగా ఊరుతున్న మొహం.

ఆమె వంతు. చప్పట్లు లేవు, ఎవరూ ఇటు చూడటం లేదు, సగం మంది అప్పుడే మెడ వైపు నడుస్తున్నారు. నయం. బంతి పెట్టింది. పొట్టి కర్ర, పైకి వాలిన మొహం, తన చేత్తో కోసిన కాడ. నీకు దూరం లేదు, అనుకుంది దాన్ని చూసి, నాకూ లేదు, ఏడుపెందుకు. ఊపింది. టక్. తలుపు గొళ్ళెం పడినట్టు ఒక చిన్న చప్పుడు. బంతి లేచి, ఎవరినీ అడక్కుండా, దారి మధ్యలో పడి, రెండు గెంతులు గెంతి ఆగింది. మరిది బంతికి అరవై గజాలు వెనక. "ఆడవాళ్ళ ఆట" అని ఎవరో గొణిగారు. జెండా మనిషి తెల్లది ఎత్తాడో లేదో కూడా ఆమె చూడలేదు, బంతి కళ్ళ ముందే ఉంది మరి.

తువ్వాళ్ళక్క బ్యాగు భుజాన వేసుకుని పక్కన కుంటుతోంది. "వాడు పేలుడు పేల్చాడు గదే అమ్మాయ్, ఇప్పుడేం చేస్తావు?"

"నడు అక్కా."

తడి గడ్డి, బూట్లలోకి నీళ్ళు. పద్దెనిమిది హోళ్ళలో ఒకటి మొదలైంది, పదిహేడున్నాయి, వాటిలో నాలుగు పొట్టివి, డ్రైవరు అక్కర్లేనివి. పదమూడు. పదమూడు సార్లు వాడు దాన్ని బయటికి తీస్తాడు, కొలనుల ముందు, పొదల ముందు, రోడ్డు పక్కన. ఇంత మంది ఇంత అరిచాక తీయకుండా చిన్న కర్రతో కొడితే అమ్మ ఏమంటుంది, జనం ఏమంటారు, అంతకన్నా ముందు వాడి చేతులే వాణ్ణి ఊరుకోనిస్తాయా? ఆమె ఇంకేం చెయ్యనక్కర్లేదు. నూటఎనభై గజాలు, మళ్ళీ నూటఎనభై గజాలు. మధ్యాహ్నందాకా పడుతుంది. పట్టనీ.

వెనకున్న బంతిదే ముందు వంతు, కాబట్టి మళ్ళీ కొట్టాల్సింది ఆమే. ఐదో నంబరు ఇనప కర్ర తీసి నిలబడింది. అరవై గజాలు ముందు మరిది తన బంతి దగ్గరికి చేరాడు గానీ బంతిని చూడటం లేదు. డ్రైవరు ఇంకా బ్యాగులో పెట్టలేదు. దాని మొహాన్ని చొక్కా అంచుతో మెల్లగా తుడుస్తూ, చెట్ల మీదుగా, రెండో హోలు వైపు చూస్తున్నాడు.